వీడియో చూసి పని నేర్చుకోవడం ఎలా: జాకెట్టు కటింగ్ నుంచి ఫ్యాన్ కెపాసిటర్ దాకా

ఇంట్లో కుట్టు మిషను ఉంటుంది, నేర్పేవాళ్ళు దగ్గర్లో ఉండరు. ఉన్నా, రోజూ మధ్యాహ్నం వెళ్ళి రెండు గంటలు కూర్చోవడానికి ఇంటి పని తెమలదు. అలాంటి ఆడవాళ్ళు ఎంతోమంది ఇవాళ తమ జాకెట్లు తామే కుట్టుకుంటున్నారు. ఇరుగుపొరుగు వాళ్ళవి కూడా కుట్టిపెట్టి నాలుగు డబ్బులు కళ్ళజూస్తున్నారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఇది ఊళ్ళ దాకా పాకింది. జాకెట్టు కటింగ్, మగ్గం వర్క్, కుళాయి రిపేరు, ఆవకాయ, ఎక్సెల్, ఏది కావాలన్నా తెలుగులో చెప్పేవాళ్ళు ఉన్నారు. చదువు అంతగా రానివాళ్ళకి ఇది మరీ మేలు. మిషనుతో పాటు వచ్చే ఇంగ్లిషు పుస్తకం వాళ్ళకి అక్కరకు రాదు, చేతులు కదిలే తీరు కళ్ళతో చూస్తే మాత్రం ఇట్టే అర్థమవుతుంది. డల్లాస్‌లో చదువుకుంటున్న పిల్లవాడు పప్పుచారు పెట్టుకుంటున్నాడన్నా అదే కారణం.

కానీ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. వీడియోలు చూసేవాళ్ళలో పని వచ్చేది కొంతమందికే. మిగతావాళ్ళు ఒకటి అవగానే ఇంకొకటి చూస్తూ పోతారు, గుడ్డ మాత్రం బీరువాలోనే ఉంటుంది. తెలివి తక్కువై కాదు, చూసే పద్ధతి వల్ల అలా అవుతుంది. యూనివర్సిటీ ఆఫ్ చికాగోకు చెందిన మైఖేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ 2018లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. డార్ట్స్ (చేత్తో చిన్న బాణాలు గురి చూసి విసిరే ఆట) లాంటి పనులు చూపించే వీడియోలను కొందరికి ఒకసారి, కొందరికి ఇరవైసార్లు చూపించారు. ఇరవైసార్లు చూసినవాళ్ళకి "నేనూ చేసేస్తాను" అనే నమ్మకం బాగా పెరిగింది. తీరా బాణాలు విసరమంటే ఒక్కసారి చూసినవాళ్ళ కంటే మెరుగ్గా ఏమీ విసరలేదు. చూసిన కొద్దీ ధీమా పెరుగుతుంది, చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి అంతా వీడియోను ఎక్కడ ఆపాలి, ఆపి ఏం చేయాలి అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. ఎక్కువగా జాకెట్టు కటింగునే ఉదాహరణగా తీసుకుంటాను. చేతిపని, లెక్క, సామాను మూడూ కలిసిన పని అది.

1. పని ఎక్కడ పూర్తవుతుందో ముందే అనుకోండి

"టైలరింగ్ నేర్చుకోవాలి" అని మొదలుపెడితే వీడియోలకు అంతుండదు. ఇవాళ ప్రిన్సెస్ కట్, రేపు కటోరి, ఎల్లుండి పఫ్ చేతులు. వారం తిరిగేసరికి అన్నీ చూసినట్టే ఉంటుంది, ఒక్కటీ చేతికి రాదు. దాని బదులు ఇలా అనుకోండి: "నాకు సరిగ్గా సరిపోయే ఒక పాత జాకెట్టును ఆదిగా పెట్టుకుని, లైనింగ్ లేకుండా, మామూలు కాటన్ గుడ్డతో సాదా జాకెట్టు కుట్టి, వేసుకుని చూస్తాను." ఇప్పుడు ఏ వీడియో కావాలో, ఏది వద్దో మీకే తెలిసిపోతుంది.

ఎక్సెల్ అయినా అంతే. "మా డ్వాక్రా గ్రూపు పొదుపు లెక్క నెలనెలా ఎక్సెల్‌లో వేయాలి" అనుకుంటే మీకు కావలసినవి కూడిక, వరసల్లో పేర్లు, తేదీలు, బాకీ లెక్క. మిగతా వంద ఫార్ములాలు తర్వాత చూసుకోవచ్చు.

2. మీ చేతిలో ఉన్న వస్తువును బట్టి వెతకండి

వెతకడంలోనే సగం పని తేలిపోతుంది. కుళాయి కారుతోందనుకోండి. నాలుగైదు చుట్లు తిప్పితే గానీ ఆగని పాత ఇత్తడి కుళాయిలో లోపల చిన్న వాషరు ఉంటుంది, అది అరిగితే నీళ్ళు కారతాయి. పావు చుట్టుకే ఆగిపోయే కొత్త రకం కుళాయిలో ఆ వాషరు ఉండదు, లోపలి కార్ట్రిడ్జ్ మార్చాలి. "కుళాయి లీకేజ్" అని మాత్రమే కొడితే రెండు రకాల వీడియోలూ కలిసి వస్తాయి. పాత కుళాయి వీడియో చూసి కొత్త కుళాయి విప్పితే గంట సేపు లేని వాషరు కోసం వెతుకుతూ కూర్చోవాలి. అందుకని ముందు వస్తువును సరిగ్గా చూడండి. మోడల్ నంబరు ఉంటే అదే కొట్టండి. మిషన్లకి, మిక్సీలకి, ఫోన్లకి ఇది చాలా ముఖ్యం.

తెలుగులో వెతకడానికి కొన్ని కిటుకులు ఉన్నాయి. మనవాళ్ళు వీడియో పేర్లు కొన్ని తెలుగు లిపిలో పెడతారు, చాలావరకు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాట రాస్తారు. రెండు రకాలుగానూ వెతకండి. టైపింగ్ కష్టమైతే మైకు గుర్తు నొక్కి మాట్లాడండి. పుస్తకాల మాట కాకుండా ఆ పని చేసేవాళ్ళు అనే మాటే వాడండి. "రవిక కొలతలు" అంటే పెద్దగా ఏమీ రావు, "ఆది బ్లౌజ్ కటింగ్" అంటే కుప్పలుగా వస్తాయి. తెలుగులో దొరక్కపోతే హిందీ, తమిళం, ఇంగ్లిషు ఏదైనా పరవాలేదు. చేతిపనిలో మాట కంటే చెయ్యే ఎక్కువ చెబుతుంది. లెక్కలు, మందులు, కాగితాలకు సంబంధించిన విషయాల్లో మాత్రం పూర్తిగా అర్థమయ్యే భాషలోనే చూడండి.

3. వీడియోను కాదు, నేర్పేవాళ్ళను ఎంచుకోండి

ఇక్కడ తొందర పడకండి. ఒక సాయంత్రం పూర్తిగా దీనికే పెట్టినా నష్టం లేదు.

ముందు చూడాల్సింది చేతులు. కెమెరా చేతుల మీద ఉందా, మనిషి ముఖం మీద ఉందా? టేపు మీద అంకెలు కనిపిస్తున్నాయా? గీత గీసేటప్పుడు గుడ్డ మడత ఎటు వైపుందో తెలుస్తోందా? తర్వాత చివరికి వెళ్ళండి. కుట్టిన జాకెట్టును మనిషికి వేసి చూపించారా, లేక హ్యాంగరుకు తగిలించి ముగించారా? హ్యాంగరు మీద అన్ని జాకెట్లూ బాగానే ఉంటాయి. చంక దగ్గర పట్టేస్తోందా, భుజం జారుతోందా అన్నది ఒంటి మీద వేసుకుంటేనే తెలుస్తుంది. చేసిన పని పనిచేస్తోందని చూపించే వాళ్ళనే నమ్మండి. ఫ్యాన్ బాగుచేస్తే ఫ్యాన్ తిరగాలి, ఆవకాయ పెడితే నెల తర్వాత జాడీ తెరిచి చూపించాలి.

మంచి మాస్టర్ "ఇలా చెయ్యండి" అని మాత్రమే చెప్పరు. "ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, ఇలా చేస్తే మెడ జారిపోతుంది" అని కూడా చెబుతారు. తప్పు ఎక్కడ వస్తుందో తెలిసిన మనిషి ఆ పని ఎన్నోసార్లు చేసి ఉంటారు, లేదా నలుగురికి నేర్పి ఉంటారు. అక్కడక్కడా తెచ్చిన ముక్కలు అతికించి, కంప్యూటర్ గొంతుతో చదివించే వీడియోల్లో ఈ మాట వినపడదు. అలాంటివి వదిలేయండి.

కింద కామెంట్లు తప్పకుండా చదవండి. 2021 నవంబరు నుంచి డిస్‌లైకుల లెక్క యూట్యూబ్ మనకు చూపించడం లేదు. కాబట్టి లైకులు చూసి తేల్చుకోలేం. "సూపర్ మేడమ్" లాంటివి పక్కన పెట్టి, "నేను కుట్టాను, ముందు భాగం పైకి లేస్తోంది" అని రాసినవాళ్ళను వెతకండి. దానికి వీడియో పెట్టినవాళ్ళు ఓపిగ్గా జవాబు చెప్పారంటే అక్కడ నేర్చుకోవచ్చు.

ఎంచుకున్నాక ఒకరి దగ్గరే ఉండండి. మొదటి జాకెట్టు పూర్తయ్యేదాకా ఇంకొకరి వైపు వెళ్ళొద్దు. ఎందుకో ఒక లెక్కతో చెబుతాను.

ఒక వీడియోలో "ఛాతీ 36" అంటారు. ఇంకో దాంట్లో ఆది జాకెట్టు హుక్కులు పెట్టి నేల మీద పరిచి, ఈ చంక నుంచి ఆ చంక దాకా టేపు పెట్టి "18" అంటారు. మూడో దాంట్లో గుడ్డ మడత పెట్టి, మడత అంచు నుంచి "9" దగ్గర గీత గీస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు బెంబేలెత్తిపోతారు. నిజానికి మూడూ ఒకటే: చుట్టూ కొలిస్తే 36, పరిచిన జాకెట్టులో కనిపించేది అందులో సగం 18, మడత మీద గీసేది అందులో మళ్ళీ సగం 9. ఆ 9కి కుట్టుకీ, తర్వాత కావాలంటే వదులు చేసుకోవడానికీ కలిపి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు వదులుతారు.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఒంటి మీద టేపు పెట్టి తీసిన 36 వేరు, ఆది జాకెట్టు మీద తీసిన 36 వేరు. ఒంటి కొలతకు ఊపిరి పీల్చుకోవడానికి, చెయ్యి ఎత్తడానికి కొంత వదులు కలపాలి. ఆది జాకెట్టులో ఆ వదులు అప్పటికే ఉంటుంది. ఒక మాస్టర్ దగ్గర ఆది కొలత తీసుకుని, ఇంకో మాస్టర్ ఒంటి కొలతకు చెప్పిన లెక్క అందులో వేస్తే జాకెట్టు సంచిలా వస్తుంది. అటుది ఇటు చేస్తే హుక్కులే పడవు. చంక లోతుకు, డాట్లకు (ఒంటి ఒంపు కోసం వేసే మడత కుట్లకు) ఒక్కొక్కరికి ఒక్కో లెక్క ఉంటుంది. ఎవరి లెక్క వాళ్ళకి సరిగ్గానే కుదురుతుంది. ఇద్దరివి కలిపితేనే చెడుతుంది.

4. మొదటిసారి చేతులు కట్టుకుని చూడండి

కత్తెర పక్కన పెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూడండి. పక్కన నోటుబుక్కు, పెన్ను ఉండాలి. రాసుకోవలసినవి: కావలసిన సామాను, చెప్పిన ప్రతి అంకె, మీకు అర్థం కాని చోటు ఎన్నో నిమిషంలో ఉందో. అంకెలు రాసుకునేటప్పుడే వాటి పక్కన మీ కొలతలతో లెక్క వేసి పెట్టుకోండి. వీడియోలో ఆవిడ ఛాతీ 34 అయితే ఆమె గీసింది 8½ దగ్గర. మీది 38 అయితే మీరు 9½ దగ్గర గీయాలి. గుడ్డ మీద చాక్ పెట్టాక ఈ లెక్క వేయడం మొదలుపెడితే కంగారు పుడుతుంది.

ఇంకో ముఖ్యమైన పని ఉంది. కెమెరా ఆన్ చేయకముందే వాళ్ళు ఏం చేసి పెట్టుకున్నారో పట్టుకోవాలి. లైనింగ్ జాకెట్టే తీసుకోండి. కాటన్ లైనింగ్ గుడ్డను కటింగుకు ముందే నీళ్ళలో తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే లైనింగ్ ముడుచుకుని, పైన పట్టు గుడ్డ ముడతలు పడుతుంది. చాలా వీడియోల్లో ఈ మాట ఉండదు, ఎందుకంటే ఇస్త్రీ చేసిన లైనింగ్ అప్పటికే బల్ల మీద ఉంటుంది. వాళ్ళు దాచిపెట్టారని కాదు, రోజూ చేసే పని గనక చెప్పాలని తోచదు. ఆవకాయ వీడియోలో కాయలు తళతళలాడుతుంటాయి, వాటిని కడిగి ఒక్క చుక్క తడి లేకుండా తుడిచి ఆరబెట్టిన సంగతి చూపించరు. తడి మిగిలితే బూజు పడుతుంది. అందులో "ఒక గ్లాసు ఉప్పు" అంటే ఏ గ్లాసు అని దిగులు పడక్కర్లేదు. కారం, ఆవపిండి, ఉప్పు, ముక్కలు అన్నీ ఒకే గ్లాసుతో కొలిచినంత కాలం వాళ్ళు చెప్పిన పాళ్ళు తప్పవు.

బల్ల మీద మొదటి నిమిషంలో కనిపించే ప్రతి వస్తువు గురించీ "ఇది ఇలా ఎలా తయారైంది?" అని అడిగి చూడండి. చాలా సందేహాలు అక్కడే తీరతాయి.

5. ఇప్పుడు ఆపుతూ చెయ్యండి

ఫోన్‌ను గోడకో డబ్బాకో ఆనించి కంటి ఎత్తులో నిలబెట్టండి. మాటిమాటికీ స్క్రీన్ ఆరిపోకుండా సెట్టింగ్స్‌లో సమయం పెంచుకోండి. నెట్ సరిగ్గా రాని ఊళ్ళో అయితే యాప్‌లో ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. వంట, పిండి, నూనె పనుల్లో స్క్రీన్ తాకకుండా ఉండాలంటే, రాసుకున్న నోటుబుక్కు చూసి చేయడమే సులువు.

యూట్యూబ్‌లో స్క్రీన్ మీద కుడివైపు రెండుసార్లు తడితే వీడియో 10 సెకన్లు ముందుకు, ఎడమవైపు తడితే 10 సెకన్లు వెనక్కి వెళుతుంది. ఎక్కువగా వాడవలసింది ఎడమవైపే. సెట్టింగ్స్‌లో వీడియో వేగం 0.75కి, మరీ అవసరమైతే సగానికి తగ్గించండి. మగ్గం వర్క్‌లో సూది కిందికి దిగి దారాన్ని పట్టుకుని పైకి వచ్చేది క్షణంలో జరిగిపోతుంది. మామూలు వేగంలో ఎన్నిసార్లు చూసినా అది కంటికి అందదు. కంప్యూటర్‌లో అయితే వీడియో ఆపి కామా, ఫుల్‌స్టాప్ మీటలు నొక్కితే ఒక్కొక్క బొమ్మగా వెనక్కీ ముందుకూ జరుగుతుంది. చేతిపని నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి సదుపాయం లేదు.

ఎక్కడ ఆపాలి? వాళ్ళు ఒక పని పూర్తి చేసి, చెయ్యి తీసేసిన చోట. భుజం గుర్తు పెట్టారు, ఆపండి, మీరూ పెట్టండి. మెడ లోతు గుర్తు పెట్టారు, ఆపండి. గుండ్రం తిప్పారు, ఆపండి. మీ గుడ్డనూ స్క్రీన్ మీద ఉన్న బొమ్మనూ పక్కపక్కన చూసుకోండి. ముఖ్యంగా మడత వాళ్ళకి ఎడమవైపు ఉంటే మీకూ ఎడమవైపే ఉండాలి. కెమెరా ఎదురుగా పెట్టి తీస్తే ఎడమ కుడి తారుమారవుతాయి, అందుకని మొదటే చూసుకోండి. మడత మీద గీసిన ప్రతి వెడల్పూ విప్పితే రెట్టింపు అవుతుందని గుర్తుంచుకుంటే మెడ కటింగులో వచ్చే తప్పు చాలావరకు రాదు.

కంప్యూటర్ పనులకు ఇదే పద్ధతిని ఐఐటీ బాంబే వాళ్ళు స్పోకెన్ ట్యుటోరియల్ పేరుతో పాఠాలుగా తయారుచేశారు. ఒక్కో పాఠం సుమారు పది నిమిషాలే. లిబ్రే ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ల మీద పాఠాలున్నాయి, చాలావాటికి తెలుగు మాట కూడా ఉంది. స్క్రీన్‌కు ఒక పక్క పాఠం, ఇంకో పక్క సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, చూస్తూ ఆపుతూ చేయమంటారు. ఊరికే కూర్చుని చూడటానికి ఆ పాఠాలు కుదరవు, అదే వాటి గొప్ప.

6. ఖరీదు లేని దాని మీద పాడుచేయండి

జాకెట్టు ముందు న్యూస్‌పేపర్ మీద కత్తిరించండి. పేపర్ కటింగ్ అంటే చిన్నపిల్లల పని అని తీసిపారేయొద్దు. వెనక భాగం, ముందు భాగం, చేతులు, పట్టీలు అన్నీ పేపర్లో కత్తిరించి, గుండుసూదులతో కలిపి చూస్తే, చేతి గుండ్రం చంక గుండ్రానికి సరిపోతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాత పాత చీర ముక్క మీద కుట్టండి. కుదిరితే ఆ పేపర్లను పేరు, కొలతలు, తేదీ రాసి కవర్లో దాచుకోండి. మళ్ళీ కుట్టేటప్పుడు పనికొస్తాయి.

మొదట వెనక భాగమే పదిసార్లు గీసినా తప్పులేదు. డాట్లు, క్రాస్ గుడ్డ ఉండే ముందు భాగం కంటే అది తేలిక. అది చేతికి వస్తే మిగతా దాని మీద భయం తగ్గుతుంది.

7. ఫోన్ బోర్లించి చెయ్యండి

ఆపుతూ ఆపుతూ ఒకటి పూర్తి చేశారు. సంతోషమే, కానీ పని ఇంకా వీడియోదే, మీది కాలేదు. మర్నాడు ఫోన్ బోర్లించి, నోటుబుక్కు మాత్రం పెట్టుకుని మళ్ళీ చేయండి. ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగిపోతుంది. వెంటనే ఫోన్ తీయకుండా కాసేపు ఆలోచించండి. గుర్తుకు రాకపోతే ఆ ఒక్క చోటే వీడియోలో చూసుకుని మళ్ళీ బోర్లించండి. మీకు రానిది అదొక్కటే అని స్పష్టంగా తెలిసిపోతుంది. మూడోసారి నోటుబుక్కు కూడా మూసేయండి.

మీరు చేసేటప్పుడు మీరే వీడియో తీసుకోండి. ఎవరికీ పెట్టక్కర్లేదు, మీ తప్పు మీకు కనిపించడానికే. కెన్యాకు చెందిన జూలియస్ యెగో ఈటె విసరడం కోచ్ లేకుండా, పేరున్న ఆటగాళ్ళ వీడియోలు యూట్యూబ్‌లో చూస్తూ నేర్చుకున్నాడు. జనం అతన్ని 'మిస్టర్ యూట్యూబ్' అని పిలిచారు. 2015లో బీజింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 92.72 మీటర్లు విసిరి బంగారు పతకం గెలిచాడు, మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చుకున్నాడు. అయితే మధ్యలో ఫిన్లాండ్ వెళ్ళి కోచ్ దగ్గర శిక్షణ కూడా తీసుకున్నాడు. ఈ ముక్క చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. వీడియోలు అతన్ని ఒక మెట్టు దాకా తీసుకెళ్ళాయి, పై మెట్టుకు తన విసురును చూసి దిద్దేవాళ్ళు కావలసి వచ్చారు.

8. చెడినప్పుడు లక్షణం పేరు పెట్టి వెతకండి

కుట్టు మొదలుపెట్టగానే కింద దారం ఉండలు కట్టిందనుకోండి. మళ్ళీ కటింగ్ వీడియో మొత్తం చూస్తే ఉపయోగం లేదు. "కుట్టు మిషను కింద దారం ఉండలు" అని వెతకండి. ఉండలు కింద కనిపిస్తున్నాయి కాబట్టి తప్పు కింద దారం చుట్టి ఉండే బాబిన్‌దే అనుకుంటారు అందరూ. చాలాసార్లు తప్పు పై దారంలో ఉంటుంది. మిషను పాదం కిందికి దించి దారం ఎక్కిస్తే, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకు దారం సరిగ్గా దిగదు, వదులుగా ఉండి కింద ఉండలు కడుతుంది. పాదం పైకెత్తి దారం మళ్ళీ ఎక్కిస్తే ఎక్కువసార్లు అక్కడితో సరిపోతుంది. మిషను బాగుచేసే అతన్ని పిలవక్కర్లేదు.

కామెంట్లలో అడిగేటప్పుడు "మేడమ్ నాకు రావట్లేదు" అంటే ఎవరైనా ఏం చెప్పగలరు? "మీ వీడియోలో 7వ నిమిషంలో చెప్పినట్టు ఆది జాకెట్టు కొలత తీసుకున్నాను, ఛాతీ 36, చంక దగ్గర ముందువైపు గుడ్డ మిగిలి ముడత పడుతోంది" అని రాయండి. ఏ కొలత, ఎక్కడ, ఏమవుతోంది అని ఇలా అడిగితే జవాబు వస్తుంది.

ఇంట్లో ఇంకొకరితో కలిసి చూడటం కూడా మంచిదే. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ 2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ప్రయోగంగా మొదలై, ఆంధ్రప్రదేశ్‌తో సహా చాలాచోట్ల రైతుల చేతే వీడియోలు తీయించి ఊళ్ళో గుంపుగా కూర్చోబెట్టి చూపించింది. చూపించేవాళ్ళు మధ్యమధ్యలో ఆపి, "ఇప్పుడు ఏం కలిపారు? ఎందుకు కలిపారు?" అని అడుగుతారు. ఇద్దరు తోడికోడళ్ళు ఒక ఫోన్ ముందు కూర్చుని ఒకరినొకరు ఇలా అడుక్కుంటే చాలు.

9. వీడియో చూసి చేయకూడని పనులు

కరెంటు పనుల్లో ఫ్యాన్ కెపాసిటర్ (మోటారు తిరగడానికి సాయపడే చిన్న భాగం) మార్చడం వీడియోల్లో చాలా తేలిగ్గా చూపిస్తారు. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే, లేదా చేత్తో తోస్తే గానీ కదలకపోతే ఎక్కువసార్లు కారణం ఆ కెపాసిటర్ పాడవడమే. మామూలు సీలింగ్ ఫ్యాన్‌కు తరచుగా ఉండేది 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులది. కానీ అందరి ఫ్యాన్లలో అదే ఉండాలని లేదు, మీ పాత కెపాసిటర్ మీద ఏముంటే అదే తేవాలి. తక్కువ కరెంటుతో నడిచేలా కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లలో లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుంది, ఈ వీడియో వాటికి పనిచేయదు. అన్నిటికంటే ముఖ్యం, గోడ మీద స్విచ్ ఆపితే చాలదు. వైరింగ్ తప్పుగా చేసిన ఇళ్ళలో స్విచ్ ఆపినా ఫ్యాన్ దాకా కరెంటు వస్తూనే ఉంటుంది. మెయిన్ ఆపాలి, తర్వాత టెస్టరుతో చూడాలి, ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. ఆపిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కొంత కరెంటు నిలవ ఉండొచ్చు, దాని కొసలు తాకొద్దు. ఇవన్నీ చదువుతుంటేనే గుండె దడ అనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఈ పనికి వాళ్ళు తీసుకునేది పెద్ద మొత్తం కాదు.

గీజర్, మైక్రోవేవ్ ఓవెన్, ఫ్రిజ్ గ్యాస్ జోలికి అసలు పోవద్దు. మైక్రోవేవ్ ప్లగ్ తీసేశాక కూడా లోపల ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. వంటగ్యాస్ వాసన వస్తే వీడియో వెతుకుతూ కూర్చోకండి. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తీసి, ఏ స్విచ్చూ వేయకుండా, తీయకుండా బయటికొచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. మందుల మోతాదులు, పసిపిల్లల జబ్బులు డాక్టరు పని.

డబ్బు విషయంలో ఇంకో జాగ్రత్త. వీడియో కింద కనిపించే "కస్టమర్ కేర్" నంబరుకు ఫోన్ చేయొద్దు. కంపెనీ నంబరు బిల్లు మీదో, వస్తువు డబ్బా మీదో ఉంటుంది. మీ స్క్రీన్ అవతలివాళ్ళకు చూపించే యాప్ వేసుకోమని, ఓటీపీ చెప్పమని ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆపగలిగే వీలు అంత ఎక్కువ. షేర్లు కొనమని సలహా ఇచ్చేవాళ్ళకి సెబీ (షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్లో చూడకుండా రూపాయి పెట్టొద్దు.

10. ఒక గంట మాస్టర్ దగ్గరికి వెళ్ళండి

రెండు మూడు జాకెట్లు కుట్టాక, మీ వీధి టైలర్ దగ్గరికి వెళ్ళి, "మాస్టారూ, ఒక గంట నాకు చూపించండి, ఎంతో చెప్పండి ఇస్తాను" అని అడగండి. డబ్బు ఇస్తానని ముందే చెప్పండి. ఆయన సమయానికి ఖరీదుంది, అడిగే మనకూ మొహమాటం ఉండదు. పండగలు, పెళ్ళిళ్ళ రోజుల్లో వెళ్ళొద్దు, మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు వెళ్ళండి.

మీరు కుట్టిన జాకెట్టు వేసుకునే వెళ్ళండి, మీ పేపర్ కటింగ్, నోటుబుక్కు, ఆది జాకెట్టు వెంట తీసుకెళ్ళండి. ఏమీ తెలియకుండా వెళితే ఆ గంట అంతా టేపు ఎలా పట్టాలో చెప్పడంతోనే సరిపోతుంది. మీకు కటింగ్ తెలుసు, కుట్టడం తెలుసు, పేచీ ఎక్కడుందో కూడా తెలుసు. కాబట్టి నేరుగా "చెయ్యి ఎత్తితే జాకెట్టు పైకి లాగుతోంది, తప్పు చంకలోనా, చేతిలోనా?" అని అడగగలరు. ఆయన భుజం మీద రెండు వేళ్ళు పెట్టి చూసి, అర అంగుళం అటో ఇటో చాక్‌తో గీత పెడతారు. ఆ గీతను చెరిపేయకండి. ఇంటికి రాగానే దాన్ని మీ పేపర్ కటింగ్ మీదికి ఎక్కించి, పక్కన ఎందుకు మార్చారో రాసుకోండి. మళ్ళీ కుట్టేటప్పుడు ఆ పేపర్ పెట్టుకునే గీయండి.